చెక్కపలకల కొట్టు

హబ్సిగూడలో మెట్రో దిగి నాచారం రోడ్డు పట్టుకోండి. ఆటో వద్దు. ఈ ఒక్కసారికి నా మాట విని నడవండి. లేదూ, మీకు ఉప్పల్ దగ్గరైతే చౌరస్తా నుంచి పాత ఊరి గల్లీల్లోకి తిరగండి. అద్దాల షోరూములు, టిఫిన్ సెంటర్లు, సెల్‌ఫోన్ దుకాణాలు దాటుకుంటూ పోతుంటే ఎక్కడో ఒకచోట రోడ్డుకంటే పల్లంలో ఉన్న పాత కొట్టు కనిపిస్తుంది. లోపలికి పోవాలంటే ఓ మెట్టు దిగాలి. ఎవరైనా కిరాణా కొట్టు పల్లంలో కడతారా చెప్పండి? వానొస్తే బియ్యం బస్తాలు నానిపోవూ? కట్టినప్పుడు అది ఎత్తు మీదే ఉంది. రెండు మూడు మెట్లెక్కి అరుగు మీదికి పోయేలా కట్టారు. ఆ తర్వాత రోడ్డు మీద కంకర పోశారు, కంకర మీద తారు, తారు మీద మళ్లీ తారు, ఆపైన సిమెంటు. కొట్టు ఉన్నచోటే ఉంది, రోడ్డే పైకి లేచింది.

ఇవాళ్టి కబుర్లు ఆ కొట్టు గురించే. ఫలానా వారిదని పేరు పెట్టి చెప్పను. ఉప్పల్, నాచారం, రామంతాపూర్, మల్లాపూర్, కొంచెం ముందుకు పోతే బోడుప్పల్, ఘట్‌కేసర్ దాకా, పాత ఊరు ఉన్న ప్రతిచోటా ఇలాంటి మల్గి ఒకటి ఉండేది. కోటలకు చరిత్ర రాశారు. నవాబుల దేవుడీలకు రాశారు. ఊరంతటికీ ఉప్పూ పప్పూ అందించిన కట్టడం గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టినవాళ్లు మాత్రం తక్కువ. ఇది నాకు నిజంగా బాధ. ఎందుకంటే ఈ ప్రాంతం పల్లెటూరి నుంచి పేటగా, పేట నుంచి మహానగరంలో ముక్కగా ఎలా మారిందో చూడాలంటే ఆ కొట్టు గోడల్లో, గడపలో, గద్దెలో చూడొచ్చు. మార్పు వచ్చిన ప్రతిసారీ కొట్టు యజమాని శేటు ఒక గోడ కొట్టేశాడు, ఒక తలుపు మార్చాడు, ఒక గది పెంచాడు.

ముందు కట్టడం సంగతి చూద్దాం. గోడలు మూరెడు మందం, రాయీ సున్నమూ. కింద షాబాదు బండలు. షాబాదు నాటి గుల్బర్గా జిల్లాలోది. అప్పట్లో అదీ మన హైదరాబాద్ రాజ్యమే. తాండూరు బండ ఇంకా దగ్గర. మరీ పాతవాటికి పైన దూలాలు, వాసాలు, పెంకు. కాస్త తర్వాత కట్టినవాటికి ఇనుప గర్డర్లు వేసి, వాటి మీద బండలే పరిచి, పైన డంగుసున్నం దట్టించేవాళ్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. బెల్లం కరగదు, చింతపండు పాడవదు.

ముందువైపు తలుపు లేదు, పలకలే. గడప రాతిలో ఒక గాడి, పైన దూలంలో ఇంకో గాడి. ఒక్కో పలకనూ పైగాడిలోకి ఎత్తి, కిందిగాడిలోకి దించి, పక్కకు జరుపుతారు. ఆఖరి పలక పెట్టాక అడ్డంగా ఇనుప పట్టీ, దానికి తాళం. పలకల మీద వరుసగా అంకెలు వేసి ఉంటాయి. వడ్రంగి ఒక్కోదాన్నీ దాని పక్కదానికి అతికేలా చిత్రిక పట్టాడు కాబట్టి మూడో పలక ఐదో పలక చోట పట్టదు. పొద్దున్నే ఈ పలకలు తీసే చప్పుడుతోనే గల్లీకి తెల్లవారేది. లోపల ఎత్తుగా గద్దె, దాని మీద పరుపు, పక్కన గల్లాపెట్టె, దూలానికి వేలాడే తక్కెడ. వెనక తలుపు తీస్తే ఇల్లు. ఇల్లూ దుకాణమూ ఒకే కప్పు కింద. గిరాకీ లేనప్పుడు శేటు లోపలికి పోయి రెండు ముద్దలు తినొచ్చు. రాత్రి పక్కింటి పిల్లకు జ్వరమొస్తే పలక తట్టి శొంఠి, మిరియాలు అడగొచ్చు.

ఇప్పుడు ఆ గద్దె మీద మిమ్మల్ని కూచోబెడతాను. 1950 ప్రాంతం అనుకోండి. సరుకు బేగంబజార్ నుంచి, ఉస్మాన్‌గంజ్ నుంచి ఎడ్లబండి మీద వస్తుంది. చుట్టూ చెరువులు, చెరువుల కింద పొలాలు. ఇటు నల్లచెరువు, అటు రామంతాపూర్ చెరువులు, నాచారం చెరువు. మీ గిరాకీలంతా రైతులు, కూలీలు. మీ గల్లాపెట్టెలో హాలీ సిక్కా ఉంది, అంటే నిజాం రూపాయి. దాని పక్కనే కల్దార్, అంటే భారత రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌లకు సమానం. ఈ చేత్తో హాలీ తీసుకుని ఆ చేత్తో కల్దార్ చిల్లర ఇవ్వాలంటే నోటిలెక్క ఎంత గట్టిగా రావాలో చూడండి. హాలీ చెలామణీ నుంచి తప్పుకుంటోంది, హమ్మయ్య అనుకునేలోపు 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. పదహారణాల రూపాయి నూరు పైసలైంది. నూరును పదహారుతో భాగిస్తే అణాకు ఆరుంపావు. పావు పైస నాణెం లేదు కదా? అందుకని అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై ఐదు అని పట్టీ వేశారు. అణా సరుకు నాలుగుసార్లు విడిగా కొంటే ఇరవై నాలుగు పైసలు, ఒకేసారి కొంటే ఇరవై ఐదు! ఈ సంగతి మొదట కనిపెట్టింది ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం.

అక్కడితో అయిపోలేదు. 1958 అక్టోబర్ నుంచి కిలోలు మొదలయ్యాయి. 1962 ఏప్రిల్ వచ్చేసరికి సేరు చట్టరీత్యా చెల్లకుండా పోయింది. ఎనభై తులాల సేరంటే 933 గ్రాములు. కిలో దానికంటే 67 గ్రాములు ఎక్కువ. కాబట్టి కిలో ధర సేరు ధరకంటే ఎక్కువే ఉండాలి. ఎంత ఎక్కువ? సేరు పప్పు ఇన్ని అణాలని తెలిసిన అవ్వకు కిలో పప్పు ఇన్ని నయాపైసలని ఒప్పించాలంటే ఒకేసారి రెండు లెక్కలు మార్చి చెప్పాలి. పావుసేరు, అద్దసేరు బాట్లు మూలన పడి కొత్త ఇనుప బాట్లు వచ్చాయి. సోల, తవ్వ, మానిక మాత్రం అంత తొందరగా పోలేదు. గింజలు కొలవడానికి చాలా ఇళ్లలో, కొట్లలో చాన్నాళ్లు ఉన్నాయి.

ఇదంతా పద్నాలుగేళ్ల లోపు జరిగింది. నిజాం పాలన పోయింది, హైదరాబాద్ రాష్ట్రం వచ్చింది, 1956 నవంబర్ 1న దాని తెలుగు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. పాఠ్యపుస్తకాల్లో అదంతా ఢిల్లీలో, అసెంబ్లీలో జరిగిన కథ. ఉప్పల్‌లో ఒక రైతు అరచేతిలో ఆ మార్పు కనిపించింది మాత్రం కిరాణా గద్దె ముందే. డబ్బు మారింది, చిల్లర మారింది, తూకం మారింది. వీటన్నిటినీ ఊరికి ఓపిగ్గా విడమరిచి నేర్పింది ఆ గద్దె మీద కూచున్న మనిషి. ఏ సర్కారు బడి పంతులుకూ తీసిపోని పని అది.

ఇక్కణ్ణుంచి కథ కొంచెం వేగంగా నడుస్తుంది. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధన సంస్థ తార్నాకలో స్థిరపడి, ఆర్‌ఆర్‌ఎల్‌గా, ఆ తర్వాత ఐఐసీటీగా పేరు తెచ్చుకుంది. 1961లో భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. 1977లో జీవశాస్త్ర పరిశోధనల సీసీఎంబీ. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా. 1973లో పారిశ్రామికవాడలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ఏర్పడింది. ఉప్పల్‌లో, నాచారంలో పారిశ్రామికవాడలు పెరిగాయి. మందుల కంపెనీలు, లేత్ మిషన్ల షెడ్లు వచ్చాయి. నాచారంలో కార్మికుల కోసం ఈఎస్‌ఐ ఆసుపత్రి. హెచ్‌ఎంటీ నగర్ అనే కాలనీ పేరే చెప్తుంది, జీతగాళ్లు ఏ రోజుల్లో వచ్చి స్థిరపడ్డారో.

కొట్టుకు దీంతో ఏం సంబంధమంటారా? చాలా ఉంది. రైతు ఉద్దెర పంటకు తీరేది. వానాకాలం పంట వచ్చినప్పుడు ఒకసారి, యాసంగి వచ్చినప్పుడు ఒకసారి. ఫ్యాక్టరీ మనిషి ఉద్దెర నెలకు తీరుతుంది. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యిమంది కంటే తక్కువ ఉన్న ఫ్యాక్టరీలో ఏడో తారీఖు లోపల, అంతకంటే పెద్దదైతే పదో తారీఖు లోపల జీతం ఇవ్వాల్సి ఉండేది. పారిశ్రామికవాడలో చిన్న షెడ్లే ఎక్కువ. అందుకే నాచారం కొట్లకు ఏడో తారీఖు పండగ. గద్దె ముందు మాటలు ఇలా నడిచేవి:

"శేటూ, అద్దకిలో చక్కెర, అద్దపావు చాయ్‌పత్త. రాసుకో, ఏడో తారీఖు ఇస్త."

"పోయిన నెలదే ఇంకా ఉన్నదక్కా."

"ఉన్నదని నాకు తెల్వదా? మా ఆయనకు ఓటీ పైసలు రాలే. వచ్చినంక అన్నీ కలిపి కడ్త."

"సరే తియ్యి. బుక్కు తెచ్చినవా?"

ఆ బుక్కు చిన్నది, ఆమె దగ్గర ఉంటుంది. అదే లెక్క శేటు దగ్గర పెద్ద ఖాతాలో ఉంటుంది. రెంటిలో అంకె ఒకటే కావాలి. బ్యాంకు గడప తొక్కని కుటుంబాలకు నెలనెలా అప్పు పుట్టించిన ఏర్పాటు అది. ఏ కాగితం మీదా సంతకం లేదు, జామీను లేదు. మనిషి ముఖమే జామీను. సూపర్‌మార్కెట్ల గురించి ఎవరెన్ని గొప్పలు చెప్పినా ఈ ఒక్క విషయంలో నేను కిరాణా కొట్టు పక్షమే.

నెల జీతం వచ్చాక కట్టడమూ మారింది. సరుకు ఎక్కువ పెట్టుకోవాలి కాబట్టి వెనక ఇంట్లో ఒక గది గోదాం అయింది. మిగిలిన స్థలంలో వరుస గదులు లేచాయి, ఫ్యాక్టరీ మనుషులకు కిరాయికి. వాళ్లు కిరాయి కట్టేది శేటుకే, సరుకు కొనేదీ శేటు దగ్గరే. తర్వాత్తర్వాత బిహార్ నుంచి, ఒడిశా నుంచి కార్మికులు వచ్చేసరికి పల్లినూనె పక్కన ఆవనూనె, జొన్నపిండి పక్కన సత్తుపిండి చేరాయి. చెక్కపలకలు పోయి ఇనుప షటర్ వచ్చింది కూడా ఈ రోజుల్లోనే. షటర్‌ను ఒక్క మనిషి ఒక్క ఊపులో లేపేయొచ్చు. పలకలకు అంత ఓపిక, అంత సమయం ఎక్కడివి, పొద్దున ఏడింటి షిఫ్టుకు పోయేవాళ్లు బీడీలకు, అగ్గిపెట్టెకు గడప ముందు నిలబడి ఉంటే?

నాచారం గురించి మాట్లాడుతూ రామకృష్ణా స్టూడియో ఎత్తకుండా ఎలా ఉంటాం? అది ఎన్.టి. రామారావు కట్టించిన స్టూడియో. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ' ఆయన తీసిందే. మనకు తెర మీది కర్ణుడూ దుర్యోధనుడూ గుర్తుంటారు. సెట్లు వేసిన వడ్రంగులు, లైట్లు మోసినవాళ్లు, వంటవాళ్లు కూడా ఉన్నారు కదా. వాళ్లకూ పొద్దున చాయ్‌పత్త, చక్కెర కావాలి. ఆ రామారావే 1983లో ముఖ్యమంత్రి అయి కిలో బియ్యం రెండు రూపాయలకు ఇప్పించారు. పేదింటి బియ్యం గిరాకీ కొంత రేషన్ షాపు వైపు మళ్లింది. ఆ రేషన్ షాపు ఎక్కడ? ఇలాంటి పాత మల్గీల్లోనే, కిరాయికి. ఒకే కప్పు కింద ఒక షటర్ వెనక కిరాణా, పక్క షటర్ వెనక రేషన్ బియ్యం, గ్యాస్‌నూనె. ఒకే గోడకు అటూ ఇటూ రెండు ధరలు.

కొంచెం దూరం పోయి వద్దాం, మళ్లీ నాచారానికే వస్తాం. అమెరికాలో మెంఫిస్ అనే ఊరుంది. 1916 సెప్టెంబర్‌లో అక్కడ క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన 'పిగ్లీ విగ్లీ' అనే కొట్టు తెరిచాడు. అంతకుముందు అక్కడా మనలాగే గద్దె ఇవతల నిలబడి అడిగితే అవతలివాళ్లు కట్టి ఇచ్చేవాళ్లు. ఆయన గద్దె తీసేశాడు. జనాన్ని అరల మధ్యకు పంపించి, బుట్ట చేతికిచ్చి, బయటికి వచ్చేచోట డబ్బు తీసుకున్నాడు. ఈనాటి ప్రతి సూపర్‌మార్కెట్‌కూ మూలం అదే. మన నగరంలో 1986లో త్రినేత్ర, 1987లో రత్నదీప్ ఆ దారిలో మొదలై పేరు తెచ్చుకున్నాయి. ఇదంతా చెప్పడం ఎందుకంటే, మెంఫిస్ వాళ్లు ఆ మొదటి కొట్టు నమూనాను పింక్ ప్యాలెస్ మ్యూజియంలో అచ్చంగా మళ్లీ కట్టి పెట్టుకున్నారు. కిరాణా కొట్టే కదా అని వదిలేయలేదు. మన నగరంలోనూ ఒక గద్దె, ఒక తక్కెడ, అంకెలు వేసిన పలకల వరుస అలా నిలబెడితే చూడాలని నాకు ఎంతో ఆశ.

గోడలు చదవడం గురించి ఇందాక అన్నాను కదా. పాత కొట్లో ఒక మూల నల్లగా జిడ్డు పట్టి ఉంటుంది. ఎన్ని సున్నాలు వేసినా ఆ నలుపు పైకి తేలుతుంది. అది నూనె డబ్బాల మూల. గిన్నె తెచ్చుకుంటే గరిటెతో కొలిచి పోసేవాళ్లు. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని జనం చనిపోయారు. ఆ ఏడాదే వంటనూనెల ప్యాకింగ్ మీద కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. ఎక్కడో ఢిల్లీలో జరిగిన విషాదానికి ఉప్పల్‌లో నూనె మూల క్రమంగా ఖాళీ అయి, అక్కడ ప్యాకెట్ల అట్టపెట్టెలు వచ్చాయి. అలాగే అరుగు పక్కన గోడ అడుగు భాగం చూడండి, సున్నం పెచ్చులూడి పొడిపొడిగా రాలుతుంటుంది. అక్కడ దొడ్డుప్పు బస్తా ఉండేది. రాత్రి పలకలు వేశాక కూడా అది బయటే. ఉప్పును ఎవరూ ఎత్తుకుపోరు. ఏళ్ల తరబడి ఆ ఉప్పు తేమ గోడ తాగి, లోపల్నుంచి తినేసింది. 2006 మే నుంచి అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిబంధన మళ్లీ వచ్చాక ఆ బస్తా కూడా అరుగు దిగిపోయింది.

ఇంకా పైకి చూస్తే బోర్డు. పాత బోర్డులు రేకు మీద రంగుతో రాసినవి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మూడూ ఉంటే అది ఒక తరం. కింద జిల్లా పేరు చూడండి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది కాబట్టి అంతకుముందుదైతే హైదరాబాద్ జిల్లా, తర్వాతదైతే రంగారెడ్డి. 2016 అక్టోబర్ 11 తర్వాతైతే మేడ్చల్ మల్కాజిగిరి. పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతది: ఉప్పల్‌కు 500039, నాచారానికి 500076. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. కొట్టు అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది.

ఇక రోడ్డు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. వరంగల్ జాతీయ రహదారి ఉప్పల్ మీదుగానే పోతుంది. నగరం పెరిగేకొద్దీ రోడ్డు వెడల్పు కావాలి, అందులో తప్పేమీ లేదు. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి మెట్రో వచ్చింది. రోజూ లక్షలమందికి మేలు జరిగింది. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు మాత్రం ఏళ్ల తరబడి సాగి, ఆ దారి దుకాణాలను దుమ్ములో ముంచాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కట్టడంలో ఎంత పోతుందో గజాల్లో కొలుస్తారు. ముందునుంచి పది గజాలు, పదిహేను గజాలు. కాగితం మీద అది చిన్న ముక్కే. ఇంట్లోనైతే ముందు పది గజాలు వాకిలి. కిరాణా కొట్లో ముందు పది గజాలంటే అరుగు, గాడి ఉన్న గడప, పలకలు, గద్దె, తక్కెడ దూలం. చరిత్రంతా ముందువైపే ఉంది, రోడ్డు తీసుకునేదీ ముందువైపునే. వెనక మిగిలిన గదులకు కొత్త సిమెంటు ముఖం పెట్టి, గాజు తలుపు బిగించి, సెల్‌ఫోన్ దుకాణానికి కిరాయికిస్తారు. యజమానిని నేను తప్పుపట్టను, ఆయనకూ ఇల్లు గడవాలి. కానీ గడప రాయి ఊడదీసే ముందు ఎవరో ఒకరు వచ్చి కొలిచి, బొమ్మ తీసి, రాసి ఉంచి ఉండాల్సింది. అది మనం చెయ్యలేదు.

చట్టాలు లేక కాదు. నగరంలో జోనింగ్ నియమాల 13వ నిబంధన కింద సుమారు నూటయాభై కట్టడాల వారసత్వ జాబితా ఉండేది. ప్యాలెసులు, దేవుడీలతోపాటు రాళ్లగుట్టలకు కూడా అందులో చోటు దొరికింది. 2015లో ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. రాళ్లగుట్టలకు దొరికిన చోటు ఒక కిరాణా మల్గికి అడగడం అత్యాశ అని నేను అనుకోను. అయితే జాబితాలు తయారయ్యేదాకా ఆగే ఓపిక రోడ్డుకు లేదు. కాబట్టి మీరూ నేనూ చెయ్యగలిగిన పని చెప్తాను.

మీ గల్లీలో పాత కొట్టు ఉంటే పోండి. ఏదన్నా కొనండి, గిరాకీ లేని మధ్యాహ్నం వేళ చూసుకుని కూచోండి. పాత బాట్లు ఉన్నాయా అని అడగండి. ఇనుప బాటు బోర్లిస్తే అడుగున సీసం పోసిన గుంట ఉంటుంది, దాని మీద తూనికల శాఖ ముద్రలు ఉంటాయి. ఏ ఏడాది, ఆ ఏడాదిలో ఏ మూడు నెలలు తనిఖీ చేశారో ఆ ముద్రలు చెప్తాయి. ఇంటి పన్ను రసీదులు, అమ్మకపు దస్తావేజు, దుకాణం లైసెన్సు చూపిస్తారేమో అడగండి. స్థలం పాతదైతే 1954–55 నాటి ఖాస్రా పహాణీలో దాని సర్వే నంబర్, అప్పటి పట్టాదారు పేరు దొరుకుతాయి. ఉద్దెర ఖాతాలు మిగిలి ఉంటే మహాభాగ్యం. అందులో మనుషుల అప్పులున్నాయి కాబట్టి పేర్లు బయటపెట్టకుండా ధరలు, సరుకులు మాత్రం రాసుకోండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆవిడతో తప్పకుండా మాట్లాడండి. గద్దె మీద కూచున్నది ఆయనే అయినా పప్పులు బాగుచేసి, పొట్లాలకు కాగితాలు కత్తిరించి, ఆయన నిద్రపోయినప్పుడు పలక తట్టినవాళ్లకు లేచి సరుకిచ్చింది ఆవిడే. పలకలు అటక మీద ఉంటే దింపించి, అంకెలు కనిపించేలా వరుసగా ఫొటో తీయండి. గడప గాడి లోతు, వెడల్పు టేపుతో కొలవండి. కొలతలతో పాటు తారీఖు, గల్లీ పేరు, ఇంటి నంబర్ రాసి ఒక ప్రతి శేటు చేతిలోనే పెట్టండి. ఈ పని, రోడ్డు కొలతలవాళ్లు వచ్చి గోడ మీద ఎర్రరంగు గీత గీసేలోపే కావాలి.